ఆర్చ్ మానింగ్ సరే, ఆ చివరి రెండు యార్డుల సంగతేంటి? – 2025 టెక్సాస్ లాంగ్‌హార్న్స్ సీజన్ మీద నా అంచనా

ప్రశ్న: మా అబ్బాయి ఈ 2025 ఆగస్టులో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో ఎం.ఎస్.లో చేరాడు. గుంటూరులో ఉన్నన్నాళ్లూ క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగడు. ఇప్పుడు ఫోన్ చేస్తే చాలు, వాళ్ల యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్ అంటాడు, ఆర్చ్ మానింగ్ అంటాడు, నంబర్ వన్ ర్యాంకు అంటాడు. ఈసారి వాళ్ల జట్టు నిజంగా కప్పు గెలుస్తుందా? మాకూ అర్థమయ్యేలా చెప్పండి.

నమస్తే అండీ. నేను 2004లో ఇదే యూనివర్సిటీకి ఎం.ఎస్.కి వచ్చి, ఆ తర్వాత ఇదే ఊళ్లో స్థిరపడిపోయాను. అప్పటినుంచి 21 సీజన్లు చూశాను. మీ అబ్బాయికి పట్టిన పిచ్చి నాకూ సరిగ్గా మొదటి నెలలోనే పట్టింది కాబట్టి, మీ ప్రశ్నకి కాస్త వివరంగానే జవాబు చెబుతాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. రెగ్యులర్ సీజన్‌లో 12 మ్యాచ్‌లు ఉంటాయి. నా లెక్కలో 10 గెలుస్తారు, రెండు ఓడతారు, ప్లేఆఫ్‌కి, అంటే దేశ ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ పోటీకి వెళ్తారు. కప్పు మాత్రం గోల్ లైన్ అనే చివరి గీత ముందు రెండు మూడు యార్డుల్లో వీళ్లు ఏం చేస్తారన్న దాని మీదే ఉంది. గత రెండేళ్లూ వీళ్ల సీజన్ ఆ గీత ముందే ముగిసింది.

ఆట కొత్త కదా, ఒక్క ముక్కలో చెబుతాను. మైదానం 100 యార్డులు. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వాటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో 10 యార్డులు ముందుకెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాటించలేమనిపిస్తే స్తంభాల మధ్య నుంచి బంతిని తన్ని 3 పాయింట్లు తీసుకోవచ్చు. ఇంతవరకు తెలిస్తే మొదటి మ్యాచ్ చూడ్డానికి చాలు.

ఇక గత రెండు సీజన్లు. 2024 జనవరి 1న న్యూ ఆర్లీన్స్‌లో సెమీఫైనల్, ప్రత్యర్థి వాషింగ్టన్. స్కోరు 37-31, మనం వెనకబడి ఉన్నాం. బంతి వాషింగ్టన్ గీతకి 12 యార్డుల దూరంలో ఉంది, గడియారంలో కొన్ని సెకన్లే మిగిలాయి. వరసగా పాస్‌లు వేశారు. ఆఖరి పాస్ కూడా చేతుల్లో పడలేదు. అయిపోయింది.

మరుసటి ఏడు, అంటే 2025 జనవరి 10న, మళ్లీ సెమీఫైనలే. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, ఒహాయో స్టేట్ మీద. ఇది నాకు ఇంకా కళ్లముందే ఉంది. మనం 21-14తో వెనకబడి ఉన్నాం. ఒహాయో స్టేట్ చేసిన రెండు తప్పులకి పెనాల్టీలు పడి బంతి వాళ్ల గీతకి ఒక్క యార్డు దూరానికి వచ్చింది. ఒక్క యార్డు, అంటే మూడడుగులు. చేతిలో నాలుగు డౌన్లు. మొదటిసారి నేరుగా మధ్యలోకి పరిగెత్తారు, ఏమీ రాలేదు. రెండోసారి బంతిని పక్కకి విసిరి క్విన్‌ట్రెవియన్ విజ్నర్‌ని అంచు చుట్టూ పరిగెత్తించారు. అతను తిరిగేలోపే ఎదుటివాళ్లు లోపలికి వచ్చేశారు, 7 యార్డులు వెనక్కి పోయాం. మూడోది పాస్, అదీ పోయింది. నాలుగోసారి క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతిసారీ బంతి అందుకుని ఆట నడిపించేవాడు, క్విన్ ఎవర్స్ పాస్ వేయడానికి చెయ్యి ఎత్తగానే జాక్ సాయర్ వచ్చి బంతిని ఊడగొట్టి, దాన్ని తనే పట్టుకుని 83 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. సమం కావాల్సిన మ్యాచ్ 28-14తో ముగిసింది. ఒహాయో స్టేట్ ఆ పది రోజులకే నోటర్ డేమ్‌ని ఓడించి కప్పు ఎత్తుకుంది.

నా దగ్గర కూర్చున్నవాళ్లంతా రెండో డౌన్‌లో అలా ఆడించిన కోచ్ స్టీవ్ సార్కీసియన్‌ని తిట్టారు. నాకు మాత్రం తప్పు అంతకుముందే కనబడింది. మొదటి డౌన్‌లో క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడే మన ఐదుగురూ ఎదుటివాళ్లని ఒక్క అడుగు వెనక్కి నెట్టలేకపోయారు. మధ్యలో దారి దొరకదని తెలిసిపోయింది కాబట్టే కోచ్ పక్కదారి వెతుక్కున్నాడు.

అందుకే ఈ ఏటి మన క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ గురించి మాట్లాడేటప్పుడు నేను అతని చేతికన్నా కాళ్ల గురించే ఎక్కువ చెబుతాను.

ఈ అబ్బాయి ఎవరంటే, తాత ఆర్చీ మానింగ్, చిన్నాన్నలు పేటన్ మానింగ్, ఈలై మానింగ్, ముగ్గురూ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లే... అంటే, క్రికెట్‌లో ముగ్గురు టెస్ట్ ఆటగాళ్లున్న ఇంట్లో పుట్టినట్టు అనుకోండి. అమెరికాలో ఆ ఇంటిపేరు తెలియని వాళ్లు అరుదు. 2023లో టెక్సాస్‌లో చేరి, రెండేళ్లు ఎవర్స్ వెనక ఓపిగ్గా కూర్చున్నాడు. ఈ కాలంలో అది చాలా పెద్ద విషయం. ఆడే అవకాశం రాకపోతే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేసుకుని వేరే యూనివర్సిటీకి వెళ్లిపోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఇతను వెళ్లలేదు. దానికి నేను అతన్ని మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

పోయిన ఏడు ఎవర్స్ గాయపడినప్పుడు రెండు మ్యాచ్‌లు మొదటినుంచి ఆడాడు, లూసియానా మన్రో మీద ఒకటి, మిసిసిపీ స్టేట్ మీద ఒకటి. రెండూ గెలిచాడు. అంతకుముందు వారం యూటీఎస్‌ఏ మీద మధ్యలో వచ్చి ఒకే పరుగులో 67 యార్డులు దూసుకెళ్లాడు. సీజన్ మొత్తం మీద 939 యార్డుల పాస్‌లు, 9 పాసింగ్ టచ్‌డౌన్లు, రెండే ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివాళ్లు పట్టేసుకున్న పాస్‌లు. బాగున్నాయి. కానీ ఆ ప్రత్యర్థుల్లో ఒక్కటీ పెద్ద జట్టు కాదు. ఇతనికి హైస్మన్ ట్రోఫీ, అంటే కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు, ఇప్పుడే ఇచ్చేసినట్టు మాట్లాడుతున్న వాళ్లు ఈ మాట మర్చిపోతున్నారు.

నాకు నమ్మకం కలిగించింది వేరే మ్యాచ్. 2024 నవంబర్ 30న కాలేజ్ స్టేషన్‌లో, టెక్సాస్ ఏ అండ్ ఎం మీద. పరిస్థితి నాలుగో డౌన్, రెండు యార్డులు కావాలి. ఆ ఒక్క ఆటకి ఎవర్స్‌ని బయటికి పిలిచి ఆర్చ్‌ని పంపారు. బంతి తీసుకుని, తనే 15 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ మ్యాచ్ 17-7తో గెలిచాం.

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. రెండు వైపులా 11 మందే. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ బంతిని పరిగెత్తేవాడి చేతికిచ్చి పక్కన నిలబడిపోతాడు. అంటే మన 10 మంది, వాళ్ల 11 మంది. గీత దగ్గర, చోటు లేని చోట, ఆ ఒక్క మనిషి తేడా చాలా ఎక్కువ. ఎవర్స్ మంచి చెయ్యి ఉన్నవాడు, కానీ పరిగెడతాడని ఎవరూ భయపడలేదు. ఆర్చ్ పరిగెడతాడని తెలిస్తే వాళ్లలో ఒకడు అతని కోసమే ఆగిపోవాలి. లెక్క సమం అవుతుంది. ఈ జనవరిలో ఆ ఒక్క యార్డు దగ్గర మనకి లేనిది అదే.

టెక్సాస్ చివరిసారి కప్పు గెలిచింది కూడా అలాంటి యార్డుల్లోనే. 2006 జనవరి 4, పాసడీనా, యూఎస్‌సీ మీద ఫైనల్. నాలుగో డౌన్, 5 యార్డులు కావాలి. విన్స్ యంగ్‌కి పాస్ ఇవ్వడానికి ఎవరూ ఖాళీగా కనబడలేదు. కుడి మూలకి 8 యార్డులు పరిగెత్తాడు. అప్పటికి 19 సెకన్లు మిగిలి ఉన్నాయి. 41-38. ఆ రాత్రి క్యాంపస్‌లోని టవర్ నారింజ రంగు దీపాల్లో వెలిగింది, కిటికీల్లో 1 అంకె. మేం ఐదుగురం రివర్‌సైడ్ అపార్ట్‌మెంట్ నుంచి చలిలో నడుచుకుంటూ వెళ్లి దాని కింద నిలబడ్డాం. ఆర్చ్ విన్స్ యంగ్ కాడు, అంత వేగం లేదు. కానీ రెండు యార్డులకి అంత వేగం అక్కర్లేదు.

ఇప్పుడు నాకు భయం కలిగించే విషయం. ఆర్చ్ ముందు నిలబడే ఐదుగురు, అఫెన్సివ్ లైన్. కబడ్డీ ఆడేవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. మర్నాడు పేపర్లో పేరు వచ్చేది రైడర్‌కే, మూలలో చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడ్డవాళ్లకి రాదు. ఇక్కడా అంతే. పోయిన ఏడు ఎడమ చివర కెల్విన్ బ్యాంక్స్ ఉండేవాడు. లైన్ ఆటగాళ్లకిచ్చే ఔట్‌లాండ్, లాంబార్డీ అవార్డులు రెండూ అతనికే వచ్చాయి, డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ 9వ స్థానంలో తీసుకుంది. అతనితోపాటు హేడెన్ కానర్, కామెరాన్ విలియమ్స్, సెంటర్‌లో ఆడిన జేక్ మేజర్స్, అంతా వెళ్లిపోయారు. ఐదుగురిలో మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. ఎడమ చివర ట్రెవర్ గూస్‌బీ వస్తాడు, పోయిన డిసెంబర్‌లో బ్యాంక్స్ గాయపడినప్పుడు జార్జియా మీద నిలబడ్డాడు కాబట్టి అతని మీద నాకు నమ్మకం ఉంది. సెంటర్‌లో కోల్ హట్సన్ పాతకాపే. కుడి చివర బ్రాండన్ బేకర్, ఎడమ గార్డ్ స్థానం, అంటే సెంటర్‌కి, ఎడమ చివరివాడికి మధ్య చోటు... ఈ రెండే చూడాలి. లైన్ కోచ్ కైల్ ఫ్లడ్ మంచి గురువు, కాదనను. అయినా ఐదుగురు కలిసి ఒక్కలా కదలడం ప్రాక్టీస్‌లో కన్నా మ్యాచ్‌ల్లోనే వస్తుంది, వీళ్లకి మొదటి మ్యాచ్చే దేశంలోకెల్లా కష్టమైన మైదానంలో పడింది.

రెండో భయం మన డిఫెన్స్ మధ్యలో, ఎదుటివాళ్ల పరుగుని అడ్డుకునే డిఫెన్సివ్ టాకిల్స్. పోయిన ఏడు ఆల్ఫ్రెడ్ కాలిన్స్, వెర్నాన్ బ్రాటన్ ఉంటే ఎవరూ మధ్యలోంచి పరిగెత్తలేకపోయారు. ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల బదులు పోర్టల్ నుంచి కొత్తవాళ్లని తెచ్చారు. పర్డ్యూ నుంచి కోల్ బ్రెవార్డ్, సిరక్యూస్ నుంచి మరాద్ వాట్సన్, నార్త్ కరోలినా నుంచి ట్రావిస్ షా, సాక్షాత్తూ ఒహాయో స్టేట్ నుంచే హీరో కాను. వీళ్లంతా ఒకేసారి కొత్త ఊళ్లో కొత్త పద్ధతి నేర్చుకోవాలి.

మిగతా డిఫెన్స్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. పోయిన ఏడు మ్యాచ్‌కి సగటున 15 పాయింట్లకి కాస్త అటూ ఇటూగా మాత్రమే ఇచ్చిన డిఫెన్స్ ఇది. ఆంథనీ హిల్ మధ్యలో ఉన్నాడు, 113 ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పడగొట్టడం) చేసినవాడు. కాలిన్ సిమన్స్ మొదటి ఏడాదిలోనే 9 శాక్‌లు చేశాడు, శాక్ అంటే పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని కింద పడేయడం. వెనక మైకేల్ టాఫ్ ఉన్నాడు, ఆస్టిన్ కుర్రాడు, స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి జాతీయ స్థాయి ఆటగాడయ్యాడు. మీ అబ్బాయికి ఇష్టమైన ఆటగాడిగా ఒకరిని ఎంచుకోమంటే నేను టాఫ్ పేరే చెబుతాను. పాస్‌లు అడ్డుకునే జహ్‌డే బ్యారన్ జట్టు వదిలి వెళ్లిపోవడం మాత్రం లోటే.

బంతి పట్టేవాళ్లలో మాథ్యూ గోల్డెన్, ఐజయా బాండ్, గన్నర్ హెల్మ్ ముగ్గురూ వెళ్లిపోయారు. రయాన్ వింగో, డియాండ్రే మూర్ పైకి రావాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి వచ్చిన జాక్ ఎండ్రీస్ మీద నాకు ఆశ ఉంది. పరిగెత్తేవాళ్లలో వెయ్యి యార్డులు దాటిన విజ్నర్ ఉన్నాడు, పోయిన ఏడంతా మోకాలి గాయంతో కూర్చున్న సీజే బ్యాక్స్‌టర్ తిరిగొచ్చాడు. కిక్కర్‌ని కూడా మార్చారు, మంచి పని. పోయిన ఏడు చివర్లో జార్జియా మీద, అరిజోనా స్టేట్ మీద పోయిన కిక్‌లు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది. టెక్సాస్ స్టేట్ నుంచి వచ్చిన మేసన్ షిప్లే ఇప్పుడు ఆ పని చూస్తాడు.

ర్యాంకు గురించి ఒక మాట. ఆగస్టు 11న వచ్చిన ఏపీ పోల్‌లో, అంటే పత్రికా విలేఖరులు వేసే ఓట్లలో, టెక్సాస్‌ని 1వ స్థానంలో పెట్టారు. ఇంత చరిత్ర ఉన్న జట్టు, నాలుగుసార్లు కప్పు గెలిచిన జట్టు, సీజన్ మొదలవకముందు ఆ స్థానంలో ఉండటం ఇదే మొదటిసారి. సంతోషమే. కానీ డ్రాఫ్ట్‌లో 12 మందిని పోగొట్టుకున్న జట్టు ఇది, ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మ్యాచ్‌లు. ఆగస్టు 30న మొదటిదే కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మీద. లక్ష మందికి పైగా పట్టే గుర్రపునాడా ఆకారం స్టేడియం. వాళ్లకీ కొత్త క్వార్టర్‌బ్యాకే, జూలియన్ సేయిన్. కానీ జెరెమయా స్మిత్ లాంటి రిసీవర్ (పాస్ పట్టేవాడు), కేలెబ్ డౌన్స్ లాంటి సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక కాపలా ఉండేవాడు) ఉన్నారు. 2005 సెప్టెంబర్ 10న ఇదే కొలంబస్‌లో టెక్సాస్ 25-22తో గెలిచింది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఒకే టీవీ, పప్పన్నం కంచాలు చేతుల్లోనే ఎండిపోయాయి. ఇంకో రెండున్నర నిమిషాలు ఉందనగా విన్స్ యంగ్ వేసిన 24 యార్డుల పాస్‌ని లైమస్ స్వీడ్ చివరి గీత అవతల, ఎండ్ జోన్‌లో పట్టుకున్నాడు. పక్కింటివాళ్లు గోడ కొట్టారు, తిట్టడానికేమో అనుకున్నాం, వాళ్లూ అరుస్తున్నారు. ఆ గెలుపుతోనే ఆ ఏడు కప్పుకి దారి పడింది. ఈసారి మాత్రం నేను ఓటమే అనుకుంటున్నాను, తక్కువ స్కోరుతో, ఒక్క టచ్‌డౌన్ తేడాతో. కొత్త లైన్‌తో మొదటి రోజే అక్కడ గెలవడం చాలా కష్టం. ఓడితే మీ అబ్బాయి ఆ రోజు ఫోన్ ఎత్తడు, కంగారు పడకండి. ఇప్పుడు ప్లేఆఫ్‌కి 12 జట్లు వెళ్తాయి, ఒక్క ఓటమితో ఏమీ పోదు.

తర్వాతి మూడూ, శాన్ హోసే స్టేట్, యూటెప్, శామ్ హ్యూస్టన్, ఆస్టిన్‌లోనే. వీటిలో గెలుపు ఖాయం. లైన్ కుదురుకోవడానికి అవి వాడుకోవాలి.

అందరూ తేలిగ్గా తీసుకుంటున్న మ్యాచ్ ఒకటుంది, అక్టోబర్ 4న ఫ్లోరిడా మీద, గేన్స్‌విల్‌లో. పోయిన ఏడు వాళ్లని 49-17తో చిత్తు చేశాం కదా అంటున్నారు. ఆ రోజు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డీజే లాగ్వే గాయంతో ఆడలేదు. అతను వచ్చాక అదే నవంబర్‌లో ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్ రెండింటినీ ఓడించారు. అతను టెక్సాస్ కుర్రాడు కూడా, విల్లిస్ ఊరివాడు, సొంత రాష్ట్రం జట్టు మీద ఇంకా కసిగా ఆడతాడు. నా లెక్కలో ఈ సీజన్‌లో అసలు ఉచ్చు ఇదే.

ఆ మరుసటి వారమే, అక్టోబర్ 11న, డాలస్‌లో ఓక్లహోమాతో. టెక్సాస్ స్టేట్ ఫెయిర్, అంటే పెద్ద జాతర, దాని మధ్యలో ఉన్న పాత కాటన్ బౌల్ స్టేడియంలో ఆడతారు. సరిగ్గా 50 యార్డుల గీత దగ్గర ప్రేక్షకులు రెండుగా చీలి ఉంటారు, ఒక సగం మన నారింజ, ఒక సగం వాళ్ల ఎరుపు. డాలస్, ఫ్రిస్కో వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మీకు చుట్టాలెవరైనా ఉంటే అబ్బాయిని ఆ వారాంతం అక్కడికి పంపండి. ఎన్ని మ్యాచ్‌లు చూసినా అది చూడకపోతే చూసినట్టు కాదు. ఓక్లహోమాకి వాషింగ్టన్ స్టేట్ నుంచి జాన్ మటీర్ అనే మంచి క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. పోయిన ఏడు 34-3 అయినంత సులువుగా ఈసారి అవదు, కానీ గెలుస్తాం.

కెంటకీ, మిసిసిపీ స్టేట్ వాళ్ల ఊళ్లలోనే. వాండర్‌బిల్ట్ నవంబర్ 1న ఆస్టిన్ వస్తుంది, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా ఉన్నంతకాలం వాళ్లని చిన్నచూపు చూడకూడదు, పోయిన ఏడు 27-24తో గట్టెక్కాం. ఆర్కాన్సా మీద గెలుస్తాం.

నవంబర్ 15న ఏథెన్స్‌లో జార్జియా. పోయిన ఏడు మొత్తం మూడు ఓటముల్లో రెండు వీళ్ల చేతిలోనే, ఆస్టిన్‌లో 30-15, అట్లాంటాలో ఎస్‌ఈసీ (మన జట్టు ఆడే లీగ్) ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో 22-19. రెండుసార్లూ ఎవర్స్‌కి నిలబడే తీరిక ఇవ్వలేదు. మన లైన్ నవంబర్‌కి గట్టిపడకపోతే నా రెండో ఓటమి ఇక్కడే.

ఆఖరిది నవంబర్ 28, శుక్రవారం సాయంత్రం, మీకు శనివారం తెల్లవారుజాము. టెక్సాస్ ఏ అండ్ ఎం ఆస్టిన్ వస్తోంది, 2010 తర్వాత ఇదే మొదటిసారి. మా స్టేడియంలో 1,00,119 మంది పడతారు, మన ఉప్పల్ స్టేడియం కన్నా చాలా పెద్దది. ఆ రోజు అబ్బాయిని ఐ-35 రోడ్డు మీదకి కారేసుకుని వెళ్లొద్దని చెప్పండి, నడిచి వెళ్లడమే మేలు. ఆ మ్యాచ్ గెలుస్తాం, దీనికి నాకు లెక్కలు అక్కర్లేదు.

మొదటి మ్యాచ్ కొలంబస్‌లో మధ్యాహ్నం 12కి, మీకు గుంటూరులో శనివారం రాత్రి 9:30కి. అన్నం తినేసి కూర్చోవచ్చు. ఆర్చ్ చొక్కా మీద 16 ఉంటుంది, కెమెరా ఎలాగూ అతని మీదే ఉంటుంది. మీరు మాత్రం మూడో డౌన్‌కో, నాలుగో డౌన్‌కో ఒకటి రెండు యార్డులు కావాల్సి వచ్చినప్పుడు అతని ముందున్న ఐదుగురినే చూడండి. బంతి కదిలిన క్షణంలో వాళ్లు ముందుకి పడుతున్నారా, ఉన్నచోటే ఆగిపోతున్నారా? ముందుకి పడుతుంటే నా 10 గెలుపుల అంచనాని 11కి పెంచుకోండి. ఆగిపోతుంటే అబ్బాయికి ఫోన్ చేసి, ఎడమ గార్డ్ ఎవరు ఆడుతున్నాడని అడగండి. నాన్న ఇంత చూస్తున్నాడా అని ఆ కుర్రాడు అరగంట మాట్లాడతాడు.